పాత కారుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: మారేదేమిటి, మారనిదేమిటి

పెట్రోలు అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించుకున్నవాళ్లను అడిగి చూడండి. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది, స్లో స్పీడులో నిలకడగా ఉంటోంది, పికప్ పెరిగింది అంటారు. కిట్టు పీకేసి మళ్లీ సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లకు వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను అడిగినా ఇంచుమించు ఇదే జాబితా వినిపిస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. రెండు చోట్లా జరిగిన పని ఒకటే: ఏళ్ల తరబడి మూత తీయని డిస్ట్రిబ్యూటర్‌ను ఎవరో తెరిచారు, తుడిచారు, టైమింగ్ కొత్తగా సెట్ చేశారు. అందుకే ఈ విషయంలో ఎలక్ట్రానిక్స్ వల్ల వచ్చింది ఎంత, సర్దుబాటు వల్ల వచ్చింది ఎంత అని విడదీసి చూడాలి. అది చూడకుండా డబ్బు పెట్టినవాళ్లలో సగంమంది తాము దేనికి చెల్లించారో తెలియకుండానే సంతోషిస్తున్నారని నా అభిప్రాయం.

డీజిల్ ఇంజిన్ ఎక్కించిన అంబాసిడర్లు మన రోడ్ల మీద చాలానే తిరిగాయి. వాటికి స్పార్క్‌తో పనే లేదు కాబట్టి ఈ చర్చ వాటిది కాదు. ఇక్కడ మాట్లాడుకునేది 1489 సీసీ పెట్రోలు బండి గురించి. ఆ ఇంజిన్ బ్రిటన్‌లోని బీఎంసీ సంస్థ బి-సిరీస్ కుటుంబానిది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఎంజీఏ, ఆ తర్వాత 1798 సీసీతో వచ్చిన ఎంజీబీ, అన్నీ ఆ ఇంటివే. కాబట్టి బ్రిటన్‌లో ఎంజీబీ యజమానులు యాభై ఏళ్లుగా ఈ మార్పుతో పడిన పాట్లు, నేర్చిన పాఠాలు మన అంబాసిడర్‌కు చాలావరకు నేరుగా పనికొస్తాయి.

బ్యాటరీ, కాయిల్, పాయింట్లు కలిసిన పద్ధతికి అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ పేరు స్థిరపడింది. ఆయన డెల్కో సంస్థ తయారుచేసిన ఏర్పాటు 1910 నాటి క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. మూలసూత్రం అప్పటినుంచీ మారలేదు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు కాయిల్ మొదటి చుట్టలో మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు పారుతుంది, అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీద ఉన్న క్యామ్ పాయింట్లను తెరిచిన క్షణంలో కరెంటు తెగిపోతుంది, క్షేత్రం కూలిపోతుంది, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. తెగే కరెంటు పాయింట్ల మధ్యే మెరుపై పోకుండా పక్కన చిన్న కండెన్సర్ ఉంటుంది. అది లేకపోతే పాయింట్లు గంటల్లో కాలిపోవడమే కాదు, క్షేత్రం నెమ్మదిగా కూలి స్పార్క్ కూడా నీరసపడుతుంది.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2400 సార్లు తిరుగుతుంటే పాయింట్లు నిమిషానికి 4800 సార్లు తెరుచుకుంటాయి. ఆ వేగంలో బండి గంటకు 60 కిలోమీటర్లు పోతోందనుకుంటే, ప్రతి కిలోమీటరుకూ 4800 సార్లు. పది వేల కిలోమీటర్లకు 4 కోట్ల 80 లక్షల సార్లు. ఒక చిన్న స్ప్రింగు, రెండు టంగ్‌స్టన్ బొడిపెలు, క్యామ్‌ను రాసుకుంటూ నడిచే ఒక ఫైబర్ ముక్క ఇంత పని చేస్తాయి. అరగకుండా ఎలా ఉంటాయి?

అరిగే తీరులోనే అసలు విషయం ఉంది. లూకాస్ నమూనా డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం మధ్య ఉండాలి, అంటే మిల్లీమీటరులో పదింట నాలుగు వంతుల దగ్గర. ఫైబర్ ముక్క అరిగేకొద్దీ ఈ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది. మరోవైపు బొడిపెల్లో ఒకదాని మీద లోహం పేరుకుని, రెండోదాంట్లో గుంట పడుతుంది. అప్పుడు ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే సరిగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ నిజమైన దూరం అది కాదు. ఇదంతా ఒక్కరోజులో జరగదు. రోజుకు ఇంత అని జారుతూ వస్తుంది, నడిపే మనిషి దానికి అలవాటు పడిపోతాడు. ఎక్కేచోట గేరు ముందే తగ్గిస్తాడు, చోక్ కొంచెం ఎక్కువసేపు లాగి ఉంచుతాడు. బండి వయసైపోయింది అనుకుంటాడు. నిజానికి అయిపోయింది ఫైబర్ ముక్క వయసు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఎందుకు వచ్చిందో తెలిస్తే అది ఏమి ఇవ్వగలదో తెలుస్తుంది. మొదటి కారణం పెద్ద ఇంజిన్లు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ 5000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 333 స్పార్కులు అడుగుతుంది. ఒక్కో స్పార్కుకూ దొరికే సమయం సెకనులో వెయ్యో వంతులు మూడు. అందులో పాయింట్లు మూసుకుని ఉండేది రెండు వంతులు. అంత తక్కువ సమయంలో మామూలు కాయిల్ నిండదు. కరెంటు పెంచుదామంటే పాయింట్లు కాలిపోతాయి. 1963 నాటికి అమెరికాలో జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ కొన్ని మోడళ్లలో ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్ ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే. కానీ అది కొన్ని ప్రత్యేక కార్లకే పరిమితమైపోయింది. అందరి కార్లలోకి తెచ్చింది రెండో కారణం, చట్టం. 1970లో అమెరికా తెచ్చిన స్వచ్ఛ వాయు చట్టం, కొత్త కారు పొగ ప్రమాణాలను ఐదేళ్లు లేదా 50,000 మైళ్లు, అంటే 80,000 కిలోమీటర్లు నిలబెట్టుకోవాలంది. పదిహేను వేల కిలోమీటర్లకే దారితప్పే పాయింట్లతో అది సాధ్యమయ్యేది కాదు. ఒక్క సిలిండర్ మిస్సింగ్ కొట్టినా కాలని పెట్రోలు పొగగొట్టంలోంచి బయటికొస్తుంది. 1973 మోడళ్లకు క్రైస్లర్, 1975 మోడళ్లకు జనరల్ మోటార్స్ తమ కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాయి.

అంటే తయారీదార్లు కొన్నది బలం కాదు, నిలకడ. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే కిట్ల పెట్టెల మీద రాసేవాటిలో ఏది నమ్మాలో తేలిపోతుంది.

ఇదే లెక్క అంబాసిడర్‌కు వేసి చూద్దాం. నాలుగు సిలిండర్లు, 4500 ఆర్‌పీఎం. సెకనుకు 150 స్పార్కులు, ఒక్కోదానికి వెయ్యో వంతులు ఆరున్నర పైగా, పాయింట్లు మూసుకుని ఉండేది నాలుగున్నర దాకా. మూడు ఓమ్‌ల మామూలు కాయిల్‌కు ఇది దాదాపుగా చాలు. ఆ వేగానికి అంబాసిడర్‌ను ఎంతమంది తీసుకెళ్తారు? కాబట్టి సరిగ్గా సెట్ చేసిన పాయింట్లతో పోల్చినప్పుడు ఎలక్ట్రానిక్ కిట్టు ఈ ఇంజిన్‌కు గుర్రాల బలం పెంచదు. 40,000 వోల్టుల కాయిల్ అన్న అంకెదీ ఇదే సంగతి. ప్లగ్గు గ్యాప్‌ను దాటడానికి ఎన్ని వోల్టులు కావాలో అన్ని రాగానే స్పార్క్ దూకేస్తుంది, వోల్టేజి అక్కడితో ఆగిపోతుంది. 0.025 అంగుళం గ్యాప్‌కు, ఈ ఇంజిన్ కంప్రెషన్‌కు కావలసింది మామూలు కాయిలే ఇవ్వగలదు. మిగిలింది నిల్వ మాత్రమే. తడిసిన ప్లగ్గు దగ్గర, చలి ఉదయాన, ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగినప్పుడు ఆ నిల్వ అక్కరకొస్తుంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ మైలేజి ఇంత పెరుగుతుందని అంకె వేసి అమ్మేవాళ్లను మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: పోల్చింది కొత్త పాయింట్లతోనా, అరిగిన పాయింట్లతోనా?

ఇక దారులు. అన్నిటికన్నా పాతది, ఇప్పుడు చాలామంది మరిచిపోయింది, పాయింట్లను ఉంచేసి వాటి భారం మాత్రం తీసేయడం. కాయిల్ కరెంటును ట్రాన్సిస్టర్ తెంచుతుంది. ఎప్పుడు తెంచాలో చెప్పడం వరకే పాయింట్ల పని. వాటిగుండా అతి కొద్ది కరెంటు పోతుంది కాబట్టి బొడిపెలు కాలవు. ఫైబర్ ముక్క మాత్రం అరుగుతూనే ఉంటుంది, అంటే టైమింగ్ జారడం ఆగదు. దారిలో ట్రాన్సిస్టర్ పోతే రెండు వైర్లు మార్చి పాత పద్ధతిలోనే ఇంటికి రావచ్చు. దూరప్రయాణాలు చేసేవాళ్లకు ఇది ఇప్పటికీ గౌరవించదగ్గ దారి.

ఎక్కువమంది ఎంచుకునేది రెండోది: పాయింట్లు, కండెన్సర్ తీసేసి వాటి చోట చిన్న మాడ్యూల్ పెట్టి, క్యామ్ మీద అయస్కాంతాలున్న రింగు తొడగడం. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావం మీద పనిచేసే సెన్సర్, అయస్కాంతం ఎదుటికి వచ్చినప్పుడల్లా గుర్తిస్తుంది. పెర్‌ట్రానిక్స్ కిట్లు ఈ రకానివే. బ్రిటన్‌లో పేరున్న ల్యూమెనిషన్ కిట్టులో అయస్కాంతానికి బదులు పరారుణ కాంతి పుంజం, దాన్ని అడ్డుకునే రెక్కల చక్రం ఉంటాయి. రెండింట్లోనూ రాపిడి లేదు, అరిగే ముక్క లేదు. పెర్‌ట్రానిక్స్ రకంలోనైతే మూత పెట్టేశాక బయటికి కనిపించేది రెండు వైర్లే.

మూడో దారి డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని మార్చడం. నెదర్లాండ్స్‌లో తయారయ్యే 123 ఇగ్నిషన్ వాటిలో ఎక్కువ పేరున్నది. వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే (అడ్వాన్స్ చేసే) బరువులు, స్ప్రింగులు అందులో ఉండవు. ఏ వేగానికి ఎంత అడ్వాన్స్ ఇవ్వాలో చిప్పు నిర్ణయిస్తుంది. ఒక రకంలో ఆ పట్టికను మనమే ఫోన్‌లోంచి రాసుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్‌నే వదిలేసి క్రాంక్ పుల్లీ దగ్గర సెన్సర్ పెట్టే నాలుగో దారి కూడా ఉంది. అది రేసింగ్ వాళ్లది, ఇంజిన్‌ను విప్పి కట్టగలవాళ్లది. మామూలు యజమానికి దాని అవసరం నాకు కనబడదు.

ఈ దారుల్లో దేన్ని ఎంచుకున్నా ముందు డిస్ట్రిబ్యూటర్‌ను చూడాలి. చాలామంది దాటేసేది ఇక్కడే. అందులో స్పార్క్ పుట్టే క్షణాన్ని నిర్ణయించేవి పాయింట్లొక్కటే కాదు. షాఫ్ట్ కింద రెండు బరువులు, రెండు చిన్న స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి జరిగి స్పార్క్‌ను ముందుకు తెస్తాయి. పక్కన గుండ్రటి డబ్బాలో ఒక రబ్బరు పొర ఉంటుంది. యాక్సిలరేటర్ తక్కువ నొక్కి నడిపేటప్పుడు మానిఫోల్డులోని వాక్యూమ్ ఆ పొరను లాగి ఇంకొంచెం అడ్వాన్స్ ఇస్తుంది. యాభై ఏళ్ల బండిలో స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి, లేదా ఎప్పుడో ఎవరో చేతికందిన స్ప్రింగు వేసి ఉంటారు. రబ్బరు పొర చిరిగి ఉంటుంది. షాఫ్ట్ బుష్ అరిగి, షాఫ్ట్ కొసన ఉండే రోటర్ పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఊగుతుంది. షాఫ్ట్ అలా ఊగితే పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా మారుతుంది, బండి నిలకడగా నడవదు. మాడ్యూల్ పెట్టగానే ఈ ఊగడం పెద్దగా తెలియకుండా పోతుంది, ఎందుకంటే సెన్సర్‌కు ఆ చిన్న కదలికతో అంత పట్టింపు లేదు. యజమాని సంతోషిస్తాడు. కానీ సాగిన స్ప్రింగులు అలాగే ఉన్నాయి, చిరిగిన పొర అలాగే ఉంది. అడ్వాన్స్ రావలసిన దానికన్నా ముందే వచ్చేస్తే ఎక్కేచోట ఇంజిన్ టకటకమంటుంది. అప్పుడు నింద పెట్రోలు మీద పడుతుంది.

వాక్యూమ్ డబ్బాను పరీక్షించడానికి పరికరాలేమీ అక్కర్లేదు. గొట్టం ఊడదీసి నోటితో గాలి లాగి, నాలుకతో మూసి పట్టుకుంటే లోపలి పళ్లెం కదిలి అక్కడే నిలవాలి. వదిలేస్తే పొర పోయినట్టే. బుష్ అరిగితే లేత్ మీద కొత్తది చేయించవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అది పెద్ద పనేం కాదు. సరైన స్ప్రింగులు దొరకడమే కష్టం. డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద కొట్టిన నంబరు చూసి ఆ నంబరుకు చెందిన స్ప్రింగులే తెప్పించుకోవాలి. ఈ పని చేయించాక కూడా కిట్టు కావాలనిపిస్తే అప్పుడు కొనండి. ఆ క్రమం తిప్పేస్తే కిట్టు చేసేది జబ్బును కప్పిపుచ్చడమే.

ఇంకొక నష్టం నెమ్మదిగా జరుగుతుంది. పాయింట్ల కాలంలో ఐదు వేల కిలోమీటర్లకోసారి మూత తీయక తప్పేది కాదు. తీసినప్పుడల్లా మెకానిక్ రోటర్ కిందనున్న ఫెల్ట్ మీద రెండు చుక్కల నూనె వేసేవాడు, క్యాప్ లోపల పగుళ్లున్నాయేమో చూసేవాడు. కిట్టు పెట్టాక మూత తీసే కారణమే లేకుండా పోయింది. నూనె అందని షాఫ్ట్ ఎండిపోయి బుష్‌ను తినేస్తుంది. మాడ్యూల్‌కు మెయింటెనెన్స్ అక్కర్లేదన్నది నిజమే, డిస్ట్రిబ్యూటర్‌కు అక్కర్లేదని ఎవరూ అనలేదు.

బిగించిన మాడ్యూళ్లు కాలిపోవడానికి కారణాలు ఇంచుమించు ప్రతిసారీ అవే. మొదటిది ఎర్త్. పాత బ్రిటిష్ నమూనా బండ్లు కొన్నింట్లో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉంటుంది. నెగటివ్ ఎర్త్ కోసం చేసిన మాడ్యూల్‌ను అందులో కలిపితే క్షణంలో పోతుంది. రెండోది కాయిల్. తక్కువ నిరోధమున్న కాయిల్ మాడ్యూల్‌గుండా ఎక్కువ కరెంటు లాగి దాన్ని వేడెక్కిస్తుంది. నాలుగు సిలిండర్ల బండికి పెర్‌ట్రానిక్స్ మొదటి తరం కిట్టు కనీసం మూడు ఓమ్‌ల కాయిల్ కావాలంటుంది. అయిదు నిమిషాల మీటరు పరీక్షతో తేలిపోయే విషయమిది. మూడోది, కాయిల్‌కు అందే వోల్టేజిని తగ్గించే బల్లాస్ట్ నిరోధకం ఉన్న బండిలో మాడ్యూల్ ఎర్ర వైరును ఆ నిరోధకం తర్వాత కలపడం. దానికి పూర్తి 12 వోల్టులు అందాలి, కాబట్టి నిరోధకానికి ముందే కలపాలి. నాలుగోది తాళం. ఇంజిన్ ఆపి, పాటలు వింటూ ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే చౌక మాడ్యూళ్లు కాయిల్‌తో పాటే కాగిపోతాయి.

ప్లగ్గులకు వెళ్లే హెచ్.టి. వైర్లు కూడా మార్చాల్సి రావచ్చు. ఉత్త రాగి తీగ ఉన్న పాత వైర్లు వెదజల్లే అలజడి మాడ్యూల్‌ను తికమకపెడుతుంది. నిరోధమున్న వైర్లు కావాలి. ఎంజీబీ లాంటి కార్లలో స్మిత్స్ టాకోమీటరు కాయిల్ కరెంటును చూసి పనిచేసే రకమైతే, కిట్టు పెట్టాక ముల్లు పిచ్చిగా ఊగవచ్చు. అంబాసిడర్ యజమానికి ఈ బెడద లేదు. కానీ టైమింగ్ సంగతి అందరిదీ. కిట్టు పెట్టాక స్పార్క్ పుట్టే స్థానం తప్పక మారుతుంది. పాయింట్లకు బల్బు పెట్టి, ఇంజిన్ ఆపి ఉండగానే టైమింగ్ చూసుకునే అలవాటు ఇక్కడ నమ్మదగింది కాదు, స్ట్రోబ్ లైటు కావాలి. కిట్టు పెట్టాక బండి చెడిపోయిందనే ఫిర్యాదుల్లో అధికభాగం ఈ ఒక్క అడుగు వదిలేసినవే అని నా నమ్మకం.

రోడ్డు మీద ఆగిపోతే ఏమిటన్నది న్యాయమైన భయం. పాయింట్లు చెప్పి చెడిపోతాయి. వారాల ముందే మిస్సింగ్ మొదలవుతుంది. ఫీలర్ గేజ్ లేకపోయినా విజిటింగ్ కార్డు మందంతో గ్యాప్ పెట్టి, సన్నటి గరుకు కాగితంతో బొడిపెలు రుద్ది ఊరు చేరినవాళ్లు ఎందరో. బ్యాటరీ పడిపోయి సెల్ఫ్ తిప్పేటప్పుడు వోల్టేజి దిగజారినా పాయింట్లు తెరుచుకుంటాయి. అదే సమయంలో కొన్ని మాడ్యూళ్లు మూగబోతాయి. మాడ్యూల్ ఏళ్ల తరబడి ఏమీ అనకుండా పనిచేసి, ఒకరోజు ఒక్కసారిగా ఆగిపోతుంది. వేడి దానికి పెద్ద శత్రువు. 1971లో జాగ్వార్ తన పన్నెండు సిలిండర్ల ఇ-టైప్‌కు లూకాస్ వారి ఓపస్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టినప్పుడు, దాని యాంప్లిఫయర్ డబ్బాను రెండు వరుసల సిలిండర్ల మధ్య కుంపటిలాంటి చోట కూర్చోబెట్టారు. అది చెడిపోవడం మామూలైపోయి, ఆనక డబ్బాను చల్లటి చోటికి మార్చాల్సొచ్చింది. మే నెల ఎండలో రామగుండంలోనో రెంటచింతలలోనో బండి నడిపేవాళ్లకు ఈ చరిత్ర దూరపుది కాదు.

అయితే పాయింట్ల వైపు వాదనలో ఈమధ్య ఒక పెద్ద బొక్క పడింది. సరుకు నాణ్యత. పాత స్టాకు అయిపోయింది. ఇప్పుడు దొరికే కండెన్సర్లలో చాలావాటి మీద నాకు నమ్మకం లేదు. వేడెక్కగానే పనిమానేసి, చల్లారాక మళ్లీ బాగానే ఉన్నట్టు నటించేవి ఉంటాయి. అనుభవమున్నవాళ్లు కండెన్సర్‌ను ఇంజిన్ వేడికి దూరంగా కాయిల్ పక్కకు మారుస్తున్నది అందుకే. రోటర్ సంగతి అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే అది రెండు పద్ధతుల్లోనూ ఉంటుంది. ఇత్తడి ముక్కను రివెట్‌తో బిగించిన చౌక రోటర్లలో రివెట్ కింద ప్లాస్టిక్ పలచగా ఉంటే, వోల్టేజి దాన్ని చీల్చుకుని షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. బండి ఆగిపోతుంది, కంటికి ఏమీ కనిపించదు. బలమైన కాయిల్ వేస్తే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రివెట్ లేకుండా పోతపోసిన రోటర్ ధర ఎక్కువైనా కొనాలి.

అసలు రూపం చెడుతుందేమోనన్న సందేహం కూడా ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు చేయని వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తాయి. మూత కింద దాగే మాడ్యూల్‌ను గంటలో తీసేసి పాత ప్లేటు పెట్టేయవచ్చు కాబట్టి, దాన్ని ఛాసీ కోసి చేసే మార్పులతో ఒకే గాట కట్టడం సరికాదని నేను అంటాను. డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని మార్చేవాళ్లు మాత్రం పాతదాన్ని అమ్ముకోకూడదు. నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచాలి. ర్యాలీల్లో, ప్రదర్శనల్లో ఇంజిన్ గదిని గీటురాయి పెట్టి చూసే న్యాయనిర్ణేతలుంటారు.

ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని, షెడ్డులో ఉండి పండగకు బయటికొచ్చే బండికి పాయింట్లు తీయాల్సిన అవసరం నాకు కనబడదు. మంచి కండెన్సర్, సరైన రోటర్, నూనె చుక్కలు చాలు. వారం వారం నడిచే బండికి, దగ్గర్లో పాయింట్లు సెట్ చేయగల చెయ్యి లేని యజమానికి మాడ్యూల్ నిజమైన మేలు. ఆ చెయ్యి మన ఊళ్లలో వేగంగా కనుమరుగవుతోంది. పాయింట్లు చూడనే చూడని మెకానిక్‌లు ఇప్పుడు షాపులు నడుపుతున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల ముందుకు వచ్చే బండ్లు అలాంటివి. అందుకే మాడ్యూల్ పెట్టుకున్నవాళ్లు కూడా పాత పాయింట్ల ప్లేటును గ్యాప్ సెట్ చేసి, కండెన్సర్‌తో సహా బండిలోనే ఉంచుకోవడం మంచిది.

కొత్తగా తలెత్తిన ప్రశ్న పెట్రోలుది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత కార్బ్యురేటర్ జెట్లతో దాన్ని కాలిస్తే మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం నెమ్మదిగా మండుతుంది కాబట్టి స్పార్క్ కొంచెం ముందుగా కావాలి. ఇథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ గనుక ఆ ముందును ఇంజిన్ భరించగలదు. 1950లలో, అప్పటి పెట్రోలు కోసం గీసిన అడ్వాన్స్ రేఖ నేటి ఇంధనానికి సరిపోదన్నమాట. రేఖను మార్చుకోగల డిస్ట్రిబ్యూటర్‌కు మన దేశంలో నిజమైన ఉపయోగం ఇక్కడ ఉందని నేననుకుంటున్నాను. అయితే ముందు జెట్ సరిచేసి, ప్లగ్గు రంగు చూసి, ఆ తర్వాతే అడ్వాన్స్ జోలికి వెళ్లాలి. పలచబడ్డ మిశ్రమాన్ని అలాగే వదిలి స్పార్క్‌ను ముందుకు లాగుతూ పోతే మొదట దెబ్బతినేది పిస్టన్ తల, ఎగ్జాస్ట్ వాల్వులు.